పై వాతావరణ చర్యల రేటు స్థిరాంకాలు: టేబుల్‌లో అంకె వెనక అసలు ఏం కొలుస్తారు?

మీసో_మోడల్:

అందరికీ నమస్కారం. 50 నుంచి 100 కిలోమీటర్ల ఎత్తు మధ్య ఓజోన్, హైడ్రోజన్ రాడికల్స్ (హైడ్రోజన్ ఉన్న, తేలిగ్గా చర్య జరిపే అణు ముక్కలు) ఎలా మారతాయో లెక్కకట్టే మోడల్ మీద పని చేస్తున్నాను. ప్రయోగశాల అనుభవం లేదు. రేటు స్థిరాంకాలన్నీ, అంటే ఏ చర్య ఎంత వేగమో చెప్పే అంకెలన్నీ, నాసా వారి జేపీఎల్ ల్యాబ్ ప్రచురించే టేబుల్ నుంచి తీసుకుని మోడల్‌లో పెడతాను.

ఈమధ్య ఒక్కో రేటు స్థిరాంకాన్నీ దాని అనిశ్చితి హద్దుల్లోనే పైకీ కిందకీ మార్చి చూశాను. 80 కిలోమీటర్ల దగ్గర ఓజోన్ నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ ఊగింది. అప్పటినుంచి ఆ అంకెలు ఎక్కణ్ణుంచి వస్తాయో తెలుసుకోకుండా ముందుకు వెళ్లబుద్ధి కావడం లేదు.

నా సందేహాలు రెండు. ఓహెచ్ (హైడ్రాక్సిల్) లాంటి రాడికల్ పుట్టిన కొద్దిసేపటికే పోతుంది. అది ఎంత ఉందో కచ్చితంగా చెప్పడమే కష్టం కదా, మరి దాని చర్య వేగాన్ని ఎలా కొలుస్తారు? రెండోది, టేబుల్‌లో ముందు కనిపించేది 298 కెల్విన్ విలువ. నాకు కావలసింది 180, ధ్రువాల దగ్గర వేసవిలో అయితే 140 కూడా. అక్కడ ఆ అంకెను ఎంతవరకు నమ్మాలి?

పాత_ఫ్లోట్యూబ్:

మొదటి సందేహానికి జవాబు: రాడికల్ గాఢత కచ్చితంగా తెలియనక్కర్లేదండి. ఈ రంగం నిలబడింది ఆ వెసులుబాటు మీదే.

పాఠ్యపుస్తకాల్లోని మిథ్యా ప్రథమ క్రమాంక చర్య ఇదే. ఘన సెంటీమీటరుకు ఓహెచ్ 10¹¹, దాంతో చర్య జరిపే వాయువు 10¹³ ఉన్నాయనుకోండి. ఓహెచ్ మొత్తం ఖర్చయిపోయినా ఆ వాయువు ఒక్క శాతమే తగ్గుతుంది. అంటే అది స్థిరంగా ఉన్నట్టే. అప్పుడు ఓహెచ్ ఘాతీయంగా తగ్గుతుంది. ఆ తగ్గుదల వేగం తెలియాలంటే సిగ్నల్ నిష్పత్తి చాలు. 4000 కౌంట్లు 2000 కావడానికి ఎంతసేపు పట్టిందన్నదే ముఖ్యం, 4000 అంటే ఎన్ని అణువులన్నది కాదు.

భారమంతా రెండో వాయువు మీద పడుతుంది. దాని గాఢతలో 10 శాతం తప్పు ఉంటే రేటు స్థిరాంకంలోనూ అంతే తప్పు. పేపర్లు చదివేటప్పుడు నేను ముందు వెతికేది ఆ గాఢతను ఎలా కొలిచారన్న పేరానే.

ఇక సమయం సంగతి. సుమారు రెండున్నర సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గాజు గొట్టం, లోపల 2 టార్ పీడనంలో హీలియం (మామూలు గాలి పీడనం 760 టార్), చివర పెద్ద పంపు. దీన్నే ఫ్లో ట్యూబ్ అంటాం. వాయువు సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతుంటే గొట్టంలో ఒక సెంటీమీటరు దూరం అంటే ఒక మిల్లీసెకను. గొట్టం మధ్యలో ముందుకూ వెనక్కూ జరిగే సన్నటి ఇంజెక్టర్ ఉంటుంది. దాన్ని 40 సెంటీమీటర్లు వెనక్కి లాగితే చర్యకు 40 మిల్లీసెకన్లు దొరుకుతాయి. గడియారం పని స్కేలే చేస్తుంది. రేటు స్థిరాంకం 5 × 10⁻¹² ఘ.సెం.మీ./అణువు/సెకను, రెండో వాయువు 10¹³ అయితే తగ్గుదల సెకనుకు 50. అంటే 40 మిల్లీసెకన్లలో ఓహెచ్ ఏడో వంతుకు దిగుతుంది. హాయిగా కొలవచ్చు.

ఓహెచ్‌ను తక్కువ ఉంచడానికి ఇంకో కారణం కూడా ఉంది. రెండు ఓహెచ్‌లు తమలో తాము కూడా చర్య జరుపుతాయి, దాని రేటు స్థిరాంకం 298 కెల్విన్ దగ్గర 1.5 × 10⁻¹² పైనే. ఓహెచ్ 10¹¹ ఉంటే ఆ చర్యను వదిలేయవచ్చు. 10¹³ ఉంటే అది కూడా పెద్ద వాటా తీసుకుంటుంది, మీరు కొలుస్తున్నది మీరనుకున్న చర్య ఒక్కటే కాదు.

పరిశోధక_విద్యార్థిని:

పాత_ఫ్లోట్యూబ్ గారూ, సరిగ్గా నా పని కూడా ఇదే, కాబట్టి మధ్యలో వస్తున్నాను. తగ్గుదల వేగాన్ని రెండో వాయువు గాఢతకు ఎదురుగా గీస్తే సరళ రేఖ బాగానే వస్తోంది. కానీ గాఢత సున్నా దగ్గర రేఖ సున్నాకు రావడం లేదు, సెకనుకు 8, 10 దగ్గర ఇంటర్‌సెప్ట్ మిగులుతోంది. గోడ మీద ఓహెచ్ నష్టమే అది, వదిలేయవచ్చు అని ల్యాబ్‌లో అంటున్నారు. నాకు ఆ మాట పూర్తిగా మింగుడుపడటం లేదు. నేను రెండో వాయువును ఇంజెక్టర్ నుంచి పంపుతున్నాను, ఓహెచ్ పక్క గొట్టం నుంచి వస్తుంది.

పాత_ఫ్లోట్యూబ్:

మీ అనుమానం నిజమేనమ్మా. మీ అమరికలో ఆ వివరణ కుదరదు.

రాడికల్ పక్క గొట్టం నుంచి వస్తే, అది పుట్టిన చోటు నుంచి డిటెక్టర్ దాకా ప్రయాణించే దూరం మారదు. ఇంజెక్టర్ ఎక్కడున్నా గొట్టం గోడ మీద పోయే ఓహెచ్ అంతే. కాబట్టి ఇంజెక్టర్‌ను జరిపినప్పుడు వచ్చే మార్పులో గొట్టం గోడ కనిపించకూడదు. కనిపించేది ఇంజెక్టర్ బయటి ఉపరితలం మాత్రమే. దాన్ని వెనక్కి లాగేకొద్దీ ఓహెచ్‌కు తగిలే గాజు తగ్గుతుంది, సిగ్నల్ కాస్త పెరుగుతుంది. అంటే అది కొలిచిన వేగాన్ని పైకి కాదు, కిందకి లాగుతుంది. రెండో వాయువు ఆపేసి ఇంజెక్టర్‌ను ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకు జరిపి చూస్తే ఆ అంకె వస్తుంది, దాన్ని కలుపుకోవాలి.

గోడ నష్టం ఇంటర్‌సెప్ట్‌గా రావాలంటే ఓహెచ్ ఇంజెక్టర్ నుంచి వచ్చి, రెండో వాయువు పక్కనుంచి రావాలి. మీది ఆ అమరిక కాదు.

అలాంటప్పుడు ధన ఇంటర్‌సెప్ట్ కనిపిస్తే నేను అనుమానించేది గోడ మీద జరిగే చర్యను. రెండో వాయువు గోడకు అంటుకుని, దాని మీదికి వచ్చిన ఓహెచ్‌ను పట్టేసుకుంటుంది. కొద్ది గాఢతకే గోడ నిండిపోతుంది, ఆ తర్వాత ఎంత పెంచినా గోడ వాటా పెరగదు. అందుకే పై గాఢతల్లో రేఖ చక్కగా సరళంగా ఉండి, వెనక్కి పొడిగిస్తే సున్నాను తప్పుతుంది. అతి తక్కువ గాఢతల్లో కొన్ని పాయింట్లు తీసుకోండి. రేఖ అక్కడ వంగి సున్నా వైపు దిగితే దొంగ దొరికినట్టే.

తేల్చుకోవడానికి వేరే వ్యాసం ఉన్న గొట్టం వాడటం మేలైన దారి. గోడకూ ఘనపరిమాణానికీ నిష్పత్తి వ్యాసానికి విలోమంగా మారుతుంది. వ్యాసం రెట్టింపు చేస్తే గోడ చర్య వాటా సగమవుతుంది, వాయు చర్య కదలదు. పూత కూడా మార్చి చూడండి, టెఫ్లాన్ ఒకసారి, హాలోకార్బన్ మైనం ఒకసారి. స్లోప్ (రేఖ వాలు, రేటు స్థిరాంకం వచ్చేది దాన్నుంచే) రెండిట్లో ఒకటే వస్తే మీ రేటు స్థిరాంకం మీద నాకు నమ్మకం కుదురుతుంది.

ఇంకో సవరణ మరచిపోవద్దు. వాయువు పోయే దిశలోనే ఓహెచ్ వ్యాపనం కూడా జరుగుతుంది, అందుకని కొలిచిన వేగం నిజం కంటే కొంచెం తక్కువ వస్తుంది. 2 టార్ హీలియంలో వ్యాపన గుణకం సుమారు 300 చ.సెం.మీ./సెకను. సవరణ అంటే తగ్గుదల వేగాన్ని వ్యాపన గుణకంతో గుణించి, ప్రవాహ వేగం వర్గంతో భాగించడం. తగ్గుదల 50 అయితే ఒకటిన్నర శాతం, 200 అయితే 6 శాతం. వేగంగా తగ్గే పాయింట్లలోనే ఎక్కువ కాబట్టి ఇది స్లోప్‌నే మారుస్తుంది.

248_నానోమీటర్లు:

గోడ గురించి ఇంత బాధ ఎందుకు పడాలి అన్నదే మా లేజర్ వాళ్ల వాదన. గోడలకు దూరంగా, వాయువు మధ్యలోనే ఓహెచ్‌ను పుట్టిస్తే సరి. 1949లో నారిష్, పోర్టర్ మొదలుపెట్టిన ఫ్లాష్ ఫోటోలిసిస్ ఆలోచన ఇదే. ఇప్పుడు ఫ్లాష్ దీపం స్థానంలో లేజర్ వచ్చింది.

మా పద్ధతిలో కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసిన వాయువు సెల్‌లో మెల్లగా పోతుంటుంది. 248 నానోమీటర్ల ఎక్సైమర్ లేజర్ పల్స్ ఒకటి కొడితే పెరాక్సైడ్ విడిపోయి ఓహెచ్‌లు వస్తాయి. పల్స్ ఇరవై నానోసెకన్ల పాటే ఉంటుంది కాబట్టి చర్యకు సున్నా క్షణం స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత ఇంకో లేజర్ 282 నానోమీటర్ల దగ్గర ఓహెచ్‌ను ఉత్తేజపరుస్తుంది, అది 308 దగ్గర వెలుగు చిమ్ముతుంది. రెండు పల్సుల మధ్య ఆలస్యాన్ని పది మైక్రోసెకన్ల నుంచి పదుల మిల్లీసెకన్ల దాకా మారుస్తూ పోతే తగ్గుదల వక్రం వచ్చేస్తుంది. పీడనం కూడా కొన్ని టార్ నుంచి వందల టార్ దాకా మార్చుకోవచ్చు, ఫ్లో ట్యూబ్‌లో అది కష్టం.

మాకూ ఇంటర్‌సెప్ట్ వస్తుంది. దాని మూలం మాకు తెలుసు, ముందే లెక్కకట్టగలం. ఓహెచ్, పెరాక్సైడ్‌తో కూడా చర్య జరుపుతుంది, స్థిరాంకం 1.8 × 10⁻¹². పెరాక్సైడ్ 10¹⁴ ఉంటే అదొక్కటే సెకనుకు 180. దానికి లేజర్ కిరణం పరిధి నుంచి బయటికి వ్యాపించేది కొంచెం కలుస్తుంది. పెరాక్సైడ్ స్థిరంగా ఉన్నంతకాలం స్లోప్ మీద దాని ప్రభావం ఉండదు.

మేం జాగ్రత్తపడే చోటు వేరు. 248 దగ్గర రెండో వాయువు కూడా విడిపోతే ఆ ముక్కలు ఓహెచ్‌ను తినేస్తాయి. అందుకే లేజర్ శక్తిని తగ్గించి, పెంచి చూడటం మా దగ్గర తప్పనిసరి. శక్తి మారితే రేటు స్థిరాంకం మారిందంటే ఆ ఫలితాన్ని పక్కన పెట్టాల్సిందే.

మీసో_మోడల్:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఇన్ని జాగ్రత్తలు తీసుకునే రెండు మంచి ల్యాబులు ఒకే చర్యకు 25 శాతం తేడాతో అంకెలు ఇస్తే, తప్పు సాధారణంగా ఎక్కడుంటుంది?

248_నానోమీటర్లు:

నెమ్మది చర్యలైతే మలినాల్లో. ఒక లెక్క చూడండి.

ఓహెచ్, మీథేన్ చర్య స్థిరాంకం 298 దగ్గర 6.3 × 10⁻¹⁵. ఓహెచ్, ప్రొపిలీన్‌ది సుమారు 3 × 10⁻¹¹, అంటే దాదాపు ఐదువేల రెట్లు వేగం. సిలిండర్‌లో మీథేన్ 99.99 శాతం శుద్ధం, మిగిలిన 0.01 శాతం ప్రొపిలీన్ అనుకోండి. అప్పుడు ఆ మలినం వాటా 3 × 10⁻¹⁵. నిజమైన విలువలో దాదాపు సగం అదనంగా కలుస్తుంది! పైగా రేఖ అద్దంలా సరళంగా వస్తుంది, ఎందుకంటే మీథేన్‌తో పాటే మలినమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. గ్రాఫ్ చూసి పట్టుకోవడం అసాధ్యం. వాయువును విశ్లేషించి, ప్రొపిలీన్ లాంటి ఆల్కీన్లు ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడమొక్కటే దారి.

ఉష్ణోగ్రత తగ్గించినప్పుడు ఇది ఇంకా ముదురుతుంది. మీథేన్ చర్యకు ఉత్తేజన శక్తి ఉంది కాబట్టి చల్లగా అయ్యేకొద్దీ నెమ్మదిస్తుంది. ఆల్కీన్ చర్య నెమ్మదించదు. అర్హీనియస్ గ్రాఫ్‌లో (ఉష్ణోగ్రతతో చర్య వేగం ఎలా మారుతుందో చూపే గ్రాఫ్) చల్లటి వైపు పాయింట్లు రేఖ నుంచి పైకి లేస్తుంటే నేను ముందు మలినాన్నే అనుమానిస్తాను.

దీని విలువ ఎంతో చూడండి. 1991లో వాఘ్‌జియానీ, రవిశంకర ఓహెచ్, మీథేన్ చర్యను జాగ్రత్తగా మళ్లీ కొలిస్తే అప్పటిదాకా వాడుతున్న విలువ కంటే తక్కువ వచ్చింది. దాంతో వాతావరణంలో మీథేన్ ఆయుర్దాయం అంచనా సుమారు పాతిక శాతం పెరిగింది. ఏటా ఎంత మీథేన్ గాల్లోకి వెళుతోందన్న లెక్క కూడా సవరించుకోవలసి వచ్చింది. ఒక సెల్‌లో జరిగిన కొలతకు అంత పరిధి ఉంది.

పరిశోధక_విద్యార్థిని:

నేను ఓహెచ్‌ను తయారుచేసేది హైడ్రోజన్ పరమాణువులకు నైట్రోజన్ డయాక్సైడ్ కలిపి. ఆ చర్య చాలా వేగం, 1.3 × 10⁻¹⁰. తర్వాత నైట్రోజన్ డయాక్సైడ్‌నే రెండో వాయువుగా పెట్టి ఇంకో చర్య కొలవాలి. బల్బులో నింపి, పీడనం పడిపోయే వేగాన్ని బట్టి ప్రవాహం లెక్కకట్టవచ్చా?

పాత_ఫ్లోట్యూబ్:

శుద్ధ వాయువుతో చేయవద్దు. నైట్రోజన్ డయాక్సైడ్ జతలు కట్టి టెట్రాక్సైడ్ అవుతుంది. గది ఉష్ణోగ్రతలో బల్బులో మొత్తం 100 టార్ ఉంటే అందులో సుమారు 64 టార్ మాత్రమే డయాక్సైడ్, మిగతా 36 జతలు. వాయువు బయటికి పోతూ పీడనం పడేకొద్దీ జతలు విడిపోయి పీడనాన్ని తిరిగి నింపుతుంటాయి, కాబట్టి మీ లెక్క ఒకే దిశలో తప్పుతుంది. అది ఒక్క టార్ ఉండేలా హీలియంలో పలుచన చేసి పెట్టుకుంటే జతలు ఒక శాతం లోపే ఉంటాయి. అంతకంటే మంచిది, ప్రవాహం మధ్యలో ఒక శోషణ సెల్ పెట్టి కాంతితో నేరుగా కొలవడం.

ఓజోన్ వాడేవాళ్లకూ ఇదే మాట. 253.7 నానోమీటర్ల పాదరస దీపం వెలుగుతో కొలుస్తాం, కానీ అక్కడ కూడా శోషణ విస్తృతి (ఒక్కో అణువు ఎంత కాంతిని పీల్చుకుంటుందో చెప్పే అంకె) విలువ మీదే అంతా ఆధారం. 1961లో హెర్న్ కొలిచిన 1.147 × 10⁻¹⁷ చ.సెం.మీ. దశాబ్దాల పాటు నడిచింది. 2019లో దాన్ని 1.1329 × 10⁻¹⁷ గా సవరించారు. ఒక శాతం పైచిలుకు తేడా. ఓజోన్‌ను అధికంగా తీసుకుని కొలిచిన పాత రేటు స్థిరాంకాలన్నిటికీ ఆ తేడా వర్తిస్తుంది.

పరమాణువుల గాఢత కావాలంటే టైట్రేషన్ ఉంది. నేను ఈ పనిలో అన్నిటికంటే ఇష్టపడే కొలత అది. మైక్రోవేవ్ డిశ్చార్జ్‌లోంచి వచ్చిన నైట్రోజన్ పరమాణువులు గొట్టంలో పసుపు రంగులో మెరుస్తుంటాయి. అందులోకి నైట్రిక్ ఆక్సైడ్‌ను కొద్దికొద్దిగా వదులుతాం. నైట్రోజన్ పరమాణువు దాంతో చర్య జరిపి ఆక్సిజన్ పరమాణువును ఇస్తుంది. మిగిలిన నైట్రోజన్, కొత్త ఆక్సిజన్ కలిసినప్పుడు మెరుపు నీలంగా మారుతుంది. ఇంకా పెంచితే ఒక చోట గొట్టం పూర్తిగా చీకటి అవుతుంది. నైట్రోజన్ పరమాణువులన్నీ అయిపోయాయన్నమాట. ఆ గీత దాటి ఒక్క చుక్క ఎక్కువ వేస్తే ఆక్సిజన్, నైట్రిక్ ఆక్సైడ్ కలిసి ఆకుపచ్చ-పసుపు వెలుగు వస్తుంది. చీకటి అయిన చోట నైట్రిక్ ఆక్సైడ్ ప్రవాహం ఎంతో, మొదట ఉన్న నైట్రోజన్ పరమాణువులు అన్ని. ఏ క్యాలిబ్రేషనూ అక్కర్లేదు. దీపాలు ఆర్పి గదిలో చూస్తే కంటికే తెలుస్తుంది.

టేబుల్_పాఠకుడు:

మీసో_మోడల్ గారు అడిగిన 25 శాతం తేడా చిన్నది. పరోక్షంగా కొలిచిన విలువ ఎంత దారి తప్పించగలదో చెప్పడానికి హెచ్‌ఓ2 (ఒక హైడ్రోజన్, రెండు ఆక్సిజన్లు ఉన్న రాడికల్), నైట్రిక్ ఆక్సైడ్ చర్యను మించిన ఉదాహరణ లేదు.

1970ల మొదట్లో ధ్వని కంటే వేగంగా, స్ట్రాటోస్ఫియర్‌లో ఎగిరే విమానాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఓజోన్‌ను దెబ్బతీస్తాయని పెద్ద చర్చ నడిచింది. హెరాల్డ్ జాన్‌స్టన్ 1971లో ఆ హెచ్చరిక చేశారు. అప్పటికి హెచ్‌ఓ2ను నేరుగా చూసి దాని వేగం కొలిచే వీలు దాదాపు లేదు. వేరే చర్యల నుంచి వెనక్కి లెక్కకట్టిన విలువలే మోడల్స్‌లో ఉండేవి.

1977లో అమెరికాలోని బౌల్డర్‌లో హోవర్డ్, ఎవెన్సన్ ఫ్లో ట్యూబ్ చివర లేజర్ మాగ్నెటిక్ రెజొనెన్స్ (అయస్కాంత క్షేత్రంలో లేజర్‌తో రాడికల్‌ను గుర్తించే పద్ధతి) పెట్టి హెచ్‌ఓ2ను నేరుగా పట్టుకున్నారు. వచ్చిన విలువ సుమారు 8 × 10⁻¹². అంతకుముందు మోడల్స్‌లో వాడినదానికి ఎన్నో రెట్లు. ఈ చర్య నైట్రిక్ ఆక్సైడ్‌ను డయాక్సైడ్‌గా మారుస్తుంది, దాన్ని సూర్యకాంతి విడగొడితే ఆక్సిజన్ పరమాణువు వచ్చి ఓజోన్ తయారవుతుంది. అంటే కింది స్ట్రాటోస్ఫియర్‌లో నైట్రోజన్ ఆక్సైడ్లు ఓజోన్‌ను తగ్గించే బదులు పెంచే వైపు మొగ్గుతాయి. విమానాల వల్ల నష్టం అంచనా బాగా తగ్గింది. అదే మార్పు ఓహెచ్‌ను పెంచి, హైడ్రోజన్ క్లోరైడ్ నుంచి క్లోరిన్‌ను ఎక్కువగా విడిపించింది కాబట్టి క్లోరోఫ్లోరోకార్బన్ల నష్టం అంచనా పెరిగింది.

ఒకే ఒక్క రేటు స్థిరాంకం, రెండు అంచనాలను ఎదురెదురు దిశల్లో కదిలించింది. మోడల్ నడిపేవాళ్లు గుర్తుపెట్టుకోవలసింది ఇదే. టేబుల్‌లో ఒక అంకె తీసుకునేటప్పుడు ముందుగా చూడవలసింది దాని అనిశ్చితి కాదు, అది నేరుగా కొలిచిందా, ఇంకోదాని నుంచి లాగిందా అన్నది. జేపీఎల్ టేబుల్‌లో ప్రతి చర్యకూ కింద నోట్ ఉంటుంది. దయచేసి ఆ నోట్ చదవండి.

అయనోస్ఫియర్:

100 కిలోమీటర్లు దాటాక ఉష్ణోగ్రత అన్న మాటే రెండు మూడు ముక్కలవుతుంది. నా పని అక్కడే కాబట్టి ఒక ఉదాహరణ చెబుతాను.

ఆక్సిజన్ అయాన్, నైట్రోజన్ అణువు కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అయాన్‌ను ఇచ్చే చర్య అయనోస్ఫియర్ (పై వాతావరణంలో అయాన్లు నిండిన భాగం) ఎఫ్ పొరకు, అంటే అందులో అన్నిటికంటే దట్టమైన పొరకు, ప్రాణం లాంటిది. ఇది ఉష్ణమోచక చర్యే, అయినా 300 కెల్విన్ దగ్గర 1.2 × 10⁻¹² మాత్రమే. అయాన్ చర్యలు సాధారణంగా 10⁻⁹ దగ్గర ఉంటాయి, అంటే వెయ్యి ఢీకొనడాల్లో ఒకటి మాత్రమే ఫలిస్తోంది. ఎఫ్ పొర పగలు అంత దట్టంగా నిలవడానికి ఈ నెమ్మదితనమే కారణం.

దీన్ని కొలిచింది ఫ్లోయింగ్ ఆఫ్టర్‌గ్లో పద్ధతిలో. 1960ల్లో బౌల్డర్‌లో ఫెర్గూసన్, ఫెసెన్‌ఫెల్డ్, ష్మెల్టెకాఫ్ తయారుచేశారు. ఫ్లో ట్యూబ్ లాంటిదే, రాడికల్ బదులు అయాన్, చివర మాస్ స్పెక్ట్రోమీటర్. ఇందులో నైట్రోజన్‌ను డిశ్చార్జ్‌లోంచి పంపి దాని కంపన స్థాయిలను పెంచితే చర్య వేగం బాగా పెరిగింది. గొట్టం ఉష్ణోగ్రత మాత్రం గది ఉష్ణోగ్రతే! అంటే మోడల్‌లో ఒకే ఉష్ణోగ్రత పెట్టి రేటు స్థిరాంకం తీసుకుంటే సరిపోదు. అయాన్ ఎంత వేగంగా కదులుతోంది, నైట్రోజన్ ఎంత కంపిస్తోంది అన్నవి విడివిడిగా కావాలి.

చల్లటి వైపు మీసో_మోడల్ గారి సందేహానికి: గొట్టం చుట్టూ చల్లబరిచే తొడుగు పెట్టి 200 దాకా మామూలుగా వెళ్లవచ్చు. ఇంకా చల్లబరిస్తే వాయువు గోడకు గడ్డకడుతుంది. ఆ చిక్కును తప్పించడానికి క్రెసూ అనే పద్ధతి ఉంది. లావల్ నాజిల్‌లోంచి వాయువును ధ్వని కంటే వేగంగా వదిలితే అది వ్యాకోచించి గోడ తగలకుండానే చల్లబడుతుంది, పదుల కెల్విన్లకు కూడా దిగుతుంది. బెర్ట్రాండ్ రోవ్ 1980ల్లో మొదలుపెట్టారు. నక్షత్రాల మధ్య మేఘాల రసాయనశాస్త్రం కోసమే ఎక్కువ వాడతారు. మీ 140 కెల్విన్‌కు అది హాయిగా చాలు, కాకపోతే అన్ని చర్యలకూ ఇంకా చేయలేదు.

248_నానోమీటర్లు:

అయనోస్ఫియర్ గారూ, మీ రంగంలో ఆక్సిజన్ పరమాణువు, కార్బన్ డయాక్సైడ్ సంగతి తేలిందా? ల్యాబ్ విలువే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను.

అయనోస్ఫియర్:

తేలలేదండి. మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. కార్బన్ డయాక్సైడ్ 15 మైక్రోమీటర్ల దగ్గర పరారుణ కిరణాలు వదిలి పై వాతావరణాన్ని చల్లబరుస్తుంది. దాని వంపు కంపనాన్ని ఉత్తేజపరిచేది ప్రధానంగా ఆక్సిజన్ పరమాణువుతో ఢీకొనడమే. ల్యాబుల్లో ఆ శక్తి మార్పిడి స్థిరాంకం 300 కెల్విన్ దగ్గర 1.2 నుంచి 2 × 10⁻¹² మధ్య వస్తుంది. ఉపగ్రహాలు చూసిన వెలుగు నుంచి వెనక్కి లెక్కకడితే 6 × 10⁻¹² దగ్గర కావాలి. మూడు రెట్ల తేడా.

మీరు ల్యాబ్ పక్షం అన్నారు, నేను అంత తొందరగా అటు వెళ్లను. వాతావరణం నుంచి లాగిన విలువలో ఆక్సిజన్ పరమాణువుల గాఢత కూడా ఇమిడి ఉంది, అది తప్పయితే ఇదీ తప్పే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ అక్కడి ఆక్సిజన్ పరమాణువులన్నీ గది గొట్టంలోలాగా ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. కొన్ని ఎక్కువ వేగంతో పుట్టి చల్లబడకముందే ఢీకొంటే ఫలితం మారుతుంది. ల్యాబ్ అంకె ల్యాబ్ పరిస్థితికి సరైనదే కావచ్చు, పైనున్న పరిస్థితి అది కాకపోవచ్చు.

248_నానోమీటర్లు:

వేగంగా కదిలే పరమాణువులు ఎన్ని ఉన్నాయో కొలిచి చూపిస్తే ఒప్పుకుంటాను. లేకపోతే ప్రతి తేడాకూ ఒక అదృశ్య కారణం చెప్పుకోవచ్చు. ల్యాబులు వేర్వేరు పద్ధతుల్లో చేసి కూడా 2 × 10⁻¹² లోపే ఉన్నాయి, నాకు అది బలమైన సాక్ష్యం.

టేబుల్_పాఠకుడు:

వేర్వేరు పద్ధతులు కలవడం బలమైన సాక్ష్యమే. కానీ మంచి ల్యాబ్ విలువ మీద వాతావరణం అభ్యంతరం చెప్పి గెలిచిన సందర్భం ఉంది. 2007లో క్లోరిన్ మోనాక్సైడ్ డైమర్ (రెండు అణువులు కలిసిన జత) కాంతి శోషణను కొత్తగా కొలిస్తే చాలా తక్కువ వచ్చింది. అదే నిజమైతే అంటార్కిటికా ఓజోన్ రంధ్రాన్ని మనకు తెలిసిన రసాయనశాస్త్రం వివరించలేదు. చిక్కంతా నమూనాలో కలిసిపోయిన క్లోరిన్ వాటాను తీసివేసే లెక్కలో ఉంది. 2009లో తైవాన్ బృందం మాస్ స్పెక్ట్రోమీటర్‌తో డైమర్‌ను విడిగా చూసి కొలిచింది, క్లోరిన్ అడ్డు రాలేదు, విలువ మళ్లీ పైకి వచ్చింది. కాబట్టి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ విషయంలో కూడా కొత్త రకం కొలత వచ్చేదాకా రెండు విలువలతోనూ మోడల్ నడిపి చూడటం న్యాయం.

మీసో_మోడల్:

అలాగే చేస్తాను. చివరిగా ఒకటి. నేను అనిశ్చితి పరీక్షలో అర్హీనియస్ పూర్వ గుణకాన్నీ, ఉత్తేజన శక్తినీ విడివిడిగా యాదృచ్ఛికంగా మార్చాను. 80 కిలోమీటర్ల దగ్గర అంత ఊగడానికి అదేమైనా కారణమా?

టేబుల్_పాఠకుడు:

చాలావరకు అదే అయ్యుండాలి. ఆ రెండూ స్వతంత్రాలు కావు. ఒకే గుంపు పాయింట్ల గుండా గీసిన రేఖ నుంచి వచ్చినవి, స్లోప్ పెరిగితే ఇంటర్‌సెప్ట్ కూడా దానికి తగ్గట్టు కదులుతుంది. విడివిడిగా మారిస్తే 298 దగ్గర కూడా ఏ ల్యాబూ కొలవని విలువలు వస్తాయి, అక్కడేమో కొలతలు అన్నిటికంటే గట్టివి.

టేబుల్‌లో ఇచ్చిన రెండు అంకెలు వాడండి. ఎఫ్ అంటే 298 దగ్గర అనిశ్చితి గుణకం, జి అంటే ఉష్ణోగ్రతతో అది ఎలా పెరుగుతుందో చెప్పేది. ఉదాహరణకు ఎఫ్ 1.1, జి 100 అనుకోండి. 180 కెల్విన్ దగ్గర 1/180 నుంచి 1/298 తీసేస్తే 0.0022. దాన్ని 100తో గుణిస్తే 0.22, దాని ఘాతీయ విలువ 1.25. ఎఫ్‌తో గుణిస్తే సుమారు 1.37. అంటే గది ఉష్ణోగ్రతలో 10 శాతం ఉన్నది మీ ఎత్తులో 37 శాతం. రేటు స్థిరాంకం మొత్తాన్నీ ఆ గుణకంతో పైకి ఒకసారి, కిందకి ఒకసారి జరపండి, లోపలి రెండు అంకెలనూ ముట్టుకోవద్దు.

ఇది ఒక సిగ్మా (ఒక ప్రామాణిక విచలనం) హద్దు. రెండు సిగ్మా కావాలంటే గుణకాన్ని వర్గం చేయాలి, రెట్టింపు కాదు.

పరిశోధక_విద్యార్థిని:

పాత_ఫ్లోట్యూబ్ గారూ, తక్కువ గాఢతల్లో పాయింట్లు తీశాను. 10¹² కింద రేఖ వంగి సున్నా వైపే దిగుతోంది. లావు గొట్టానికి మైనం పూత వేస్తున్నాం, ఎండాక అదే ప్రవాహ వేగంతో మళ్లీ కొలుస్తాను. పీడనం 2 టార్ దగ్గరే ఉంచాలా, వేరే పీడనంలో కూడా తీయాలా?

పాత_ఫ్లోట్యూబ్:

రెండూ తీయండి. లావు గొట్టానికి వ్యాసం రెట్టింపైతే అదే వేగానికి నాలుగు రెట్ల ప్రవాహం కావాలి, మీ పంపు లాగగలదో లేదో ముందు చూసుకోండి. 1, 2, 4 టార్ దగ్గర స్లోప్ మారకపోతే మూడో అణువు (చర్యలో మిగిలే శక్తిని తీసుకునే హీలియం లాంటిది) పాత్ర లేదని కూడా అదే ప్రయోగంలో తేలిపోతుంది. ఇంజెక్టర్ బయటి గాజుకు కూడా అదే పూత వేయడం మరచిపోవద్దు.